నాడె, గడియారం, బాపు సందూక

మొన్న మా పెద్దబిడ్డ కూతురు ఫోన్‌ల ఒక ఫొటో తెచ్చి "తాతా, ఇదేందో చెప్పు" అన్నది. చూస్తె నాడె. మనం రోజుకు పన్నెండు గంటలు పట్టుకున్న నాడెనే. కట్టెకు వార్నిషు కొట్టిండ్రు, రెండు కొనలకున్న ఉక్కు మొనలను తళతళ రుద్దిండ్రు. నడుమ కండె పెట్టే గుంటల మైనం పోసి వత్తి నిలబెట్టిండ్రు. మైనపుబత్తి పెట్టుకునే సామానట అది. పెద్దోళ్ల ఇండ్లల్ల భోజనాల బల్ల మీద పెట్టుకుంటరట. దాని కింద రాసిన ధర చూసిన. 1985ల నేను నెలంత రాత్రిపాళీ నడిపితె వచ్చిన పగార్ కంటె ఎక్కువున్నది.

నవ్వొచ్చింది. వెంటనే కొంచెం కోపం గూడ వచ్చింది. మేము అరిగిన నాడెలను పొయ్యిల పెట్టి నీళ్లు కాగబెట్టుకున్నం. గట్టి కట్టె గద, మంచిగ మండేది.

అప్పటిసంది పాత సామాన్ల మీదనే నా మనసు తిరుగుతున్నది. సంపాదకులకు చెప్తె "అదే రాయండి" అన్నరు. నేను ఐదో తరగతి దాకనే చదివిన. రాతల తప్పులుంటె వాళ్లే సరిజేస్తరు. మా కుటుంబం ఇప్పుడు మాన్కోలిల ఉంటది. నేను 1976ల కరీంనగర్ జిల్లా నుంచి భివండి వచ్చిన, అప్పుడు నాకు పదిహేనేండ్లు. నలభై ఏండ్లకు పైన సాంచెల మీద పనిచేసి, చెవులు సగం పోయినంక మానుకున్న. కొడుకు మాన్కోలి నాకా దగ్గర ఒక గోదాముల పనిచేస్తడు, అందుకే ఇటు మారినం. మా ఇంటి చుట్టు అన్నీ గోదాములే. పొద్దుగాల నుంచి రాత్రి దాక లారీలల్ల కొత్త సామాను డబ్బాలు దిగుతుంటయి, ఎక్కుతుంటయి. ఇంత కొత్త సామాను నడుమ కూసొని పాత సామాను గురించి రాస్తున్న.

ముందు నాడె సంగతి. సాంచె ముఖం చూడని చిన్నపిల్లలు ఈ పత్రిక ఇప్పుడు చదువుతున్నరు, వాళ్ల కోసం చెప్తున్న. బట్టల నిలువు పోగులు పడుగు, అడ్డం పోగులు పేక. పడుగు రెండు భాగాలుగ విడిపోయి కిందికి మీదికి తెరుసుకుంటె నడుమ దారి ఏర్పడుతది. ఆ దారిలకెళ్లి పేక దారాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు మోసుకపోయేది నాడె. దాని కడుపుల కండె ఉంటది, కండెకు దారం చుట్టి ఉంటది. మా తాత ఊర్ల గుంట మగ్గం మీద కూసొని తాడు గుంజి నాడెను ఉరికించేటోడు. తాడు గుంజితె నాడె ఉరికే ఆ ఏర్పాటు 1733ల ఇంగ్లాండుల జాన్ కే అనే మనిషి కనిపెట్టిండు. అంతకుముందు ఒక చేత్తోని వేసి ఇంకో చేత్తోని పట్టుకునుడే. సాంచె వచ్చినంక తాడు పోయింది, మోటరు వచ్చింది. నాడెను ఒక కట్టె కొడతది, అది అటు ఉరుకుతది. అటుపక్క కట్టె మళ్ల ఇటు కొడతది. నిమిషానికి వంద సార్లకు పైన. ఒక్కొక్కడు నాలుగు, ఆరు, కొందరు ఎనిమిది సాంచెలు చూసుకునేటోళ్లు. ఆ టకటక ఎట్లుంటదంటె, పక్కన నిలబడ్డోని మాట వినపడది, పెదవులు చూసి అర్థం చేసుకోవాలె. మా కార్ఖానల పనిచేసినోళ్లందరు ఇప్పటికీ ఇంట్ల గట్టిగనే మాట్లాడుతరు. కోడండ్లు కొట్లాట అనుకుంటరు, కొట్లాట కాదు.

నాడె చెక్కకు పక్కన ఒక సన్న రంధ్రం ఉంటది. కండె మార్చినప్పుడల్ల దారాన్ని ఆ రంధ్రంలకెళ్లి బయటికి తియ్యాలె. పాత నాడెలకు నోరు పెట్టి పీల్చి తీసేది. ఒక నాడెను పొద్దటి పాళీ మనిషి పీలుస్తడు, రాత్రి పాళీ మనిషీ పీలుస్తడు. ఒకని దగ్గు ఇంకొకనికి. నూలు దుమ్ము లోపలికి పోయేది అదనం. ఇంగ్లాండు నేతోళ్లు గూడ ఒకప్పుడు ఇట్లనే పీల్చినరు, వాళ్లు దాన్ని ముద్దు అన్నరట. ఎంత అందంగ పేరు పెట్టినా రోగం రోగమే. ఇంక నాడె పడుగుల తట్టుకుంటె సాంచె మీది నుంచి ఎగిరి వచ్చేది. కొనకు ఉక్కు మొన. కన్నుకు తాకితె కన్ను పోయినట్టే, అట్ల పోగొట్టుకున్నోళ్లను నేను చూసిన. అందుకే మైనపుబత్తి పెట్టిన ఆ నాడెను చూస్తె నాకు నవ్వు, కోపం రెండూ వచ్చినయి.

అయినా ఒక మాట ఒప్పుకోవాలె, నాడె అందమైన వస్తువే. అరచేతిల పెట్టుకుంటె తెలుస్తది. రెండు దిక్కుల సన్నబడి, నడుమ నిండుగ, చిన్న పడవ లెక్క ఉంటది. ఎన్నో వేలసార్లు చేతులు పడి కట్టె నున్నగ అయితది, నూనె తాగి రంగు మారుతది. ఏ వార్నిషు ఆ నునుపు తేలేదు. మేము పాళీ మీద పాళీ మారినా నా నాడె నాకు తెలిసేది. బొటనవేలు పెట్టే చోట చిన్న గుంట పడి ఉండేది, నా వేలికి సరిపోను.

ఆ సాంచెలు గూడ పాతవే, మేము ఎక్కేనాటికే పాతవి. భివండికి మొదట వచ్చిన సాంచెలల్ల చాలా వరకు బొంబాయి మిల్లులు తీసేసినవి. ఆ మిల్లులకు అవి ఇంగ్లాండుల లాంకషైర్ నుంచి ఓడల మీద వచ్చినయి. బొంబాయిల మొదటి నూలు మిల్లు 1854ల తాడ్‌దేవ్‌ల పెట్టినరు. అప్పటిసంది వందేండ్లు యంత్రం అంటె అక్కడి నుంచి రావాలె. నేను నేర్చుకున్న సాంచెకు ఇనుప చట్రం మీద ఇంగ్లీషు అక్షరాలు పోతపోసి ఉండె. చదవరాలె నాకు. మా జాబర్ మాత్రం రోజు పొద్దుగాల ఆ అక్షరాల మీది దుమ్ము తుడిచి, అగరుబత్తి తిప్పి మోటరు వేసేటోడు. ఆ ఇంగ్లాండు సాంచెలను చూసి మన దేశంల గూడ పోతపోసినరు, అవి తర్వాత ఎక్కువయినయి. ఏదైనా తీరు ఒక్కటే. విరిగిన పండ్ల చక్రం భివండిలనే దొరికేది, లేకుంటె లేత్ మిషన్ మీద చేయించేది. చెడిపోయిన సాంచెను పారేసినం అన్న మాట నేను ముప్పై ఏండ్లు వినలేదు.

ఇప్పుడు తూకానికి పోతున్నయి. 1999 ఏప్రిల్‌ల కేంద్ర సర్కారు కొత్త యంత్రాల కోసం టఫ్స్ అనే పథకం పెట్టింది. రేపియర్లు, ఎయిర్‌జెట్లు వచ్చినయి. నాడె లేని సాంచెలు అవి. తప్పు అని అంటలేను, చప్పుడు తక్కువ, కన్ను పోదు, బట్ట ఎక్కువ దిగుతది. కొనే శక్తి ఉన్న సేటు కొన్నడు. లేనోడు పాత సాంచెలు కిలోల లెక్క అమ్మి కార్ఖానను గోదాము కింద కిరాయికిచ్చిండు. నేను పనిచేసిన ఒక షెడ్డు ఇప్పుడు చెప్పుల డబ్బాల గోదాము.

దీంట్ల ఒక విచిత్రం ఉన్నది, మన పనోళ్లకే బాగ అర్థమయితది. నాడె పోయి తిరిగి వస్తది గద, పేక దారం అంచు దగ్గర తెగదు, మలుగుతది. అందుకే నాడె సాంచె బట్టకు అంచు మూసుకొని గట్టిగ ఉంటది. రేపియరు ప్రతి పోగును కోస్తది, అంచుకు కుచ్చులు మిగులుతయి, వాటిని వేరే కట్టాలె. ఈ మూసుకున్న అంచు కోసం ఇప్పుడు లోకంల పైసలున్నోళ్లు ఎగబడుతున్నరు. జపానుల ఓకాయామా దిక్కు కొజిమా అనే ఊరు జీన్సు బట్టకు పేరు. అక్కడ పాత నాడె సాంచెల మీద నెమ్మదిగ నేసిన జీన్సు గుడ్డను, కాలు మడిచితె లోపలి అంచు కనపడేటట్టు కుట్టి అమ్ముతరు, అదే దాని సోకు. ఆ పాత సాంచెలల్ల టొయోడా కంపెనీవి ఉన్నయి. సకిచి టొయోడా అనే ఆయన 1924ల ఒక సాంచె తయారు చేసిండు, నడుస్తుండంగనే నాడెను దానంతట అదే మార్చుకునేది. ఐదేండ్లకు ఆ పేటెంటును ఇంగ్లాండుల ప్లాట్ బ్రదర్స్ కంపెనీ కొన్నది. ఇంగ్లాండోడు జపానోని సాంచె హక్కు కొన్నడన్నట్టు. ఆ సాంచెల కంపెనీ కడుపులకెళ్లే తర్వాత టొయోటా మోటరు కార్లు పుట్టినయి. హైవే మీద పోయే పెద్ద టొయోటా బండిని చూసినప్పుడల్ల మా మనవనికి చెప్తుంట, అది మన నేతోళ్ల చుట్టమేరా అని. వాడు నమ్మడు.

అమెరికాల గ్రీన్స్‌బరోల వైట్ ఓక్ అనే మిల్లు గూడ పాత నాడె సాంచెల మీద ఇసొంటి గుడ్డ నేసేది, 2017 డిసెంబరు 31న మూసిండ్రు. ఇంగ్లాండుల బర్న్‌లీ పక్కన క్వీన్ స్ట్రీట్ మిల్లు అని ఉన్నది. ఆవిరి ఇంజనుతోని నడిచే నేత మిల్లు, 1982ల మూతబడ్డది. అక్కడ భంగారుకు వెయ్యలేదు, మ్యూజియం చేసిండ్రు. మూడు వందల వరకు లాంకషైర్ సాంచెలు వరసగ ఉన్నయి. కొన్నిటిని నడిపి చూపిస్తరు, టికెట్టు తీసుకొని చూస్తరు. 1982, సంవత్సరం గుర్తు పెట్టుకోండి, మళ్ల అక్కడికే వస్త.

సాంచె సంగతి ఇంకెంతన్న రాస్త గని, నాలుక కరుచుకోవాలె. మనుషుల సోకుల గురించి గూడ రాయాలె గద.

1976ల నేను రైలు దిగిన నాడు ధోవతి కట్టుకున్నోళ్లు మనోళ్లల్ల ఇంక మస్తుమంది ఉండేది. పెద్దమనుషులు తెల్ల ధోవతి, తెల్ల అంగీ, భుజం మీద కండువ. కార్ఖానల మాత్రం అందరిదీ చెడ్డీ, బనీను. శుక్రవారం మనకు సుట్టీ. గురువారం రాత్రి బిస్సీల అన్నం తిన్నంకనే గల్లీల ఇస్త్రీ పెట్టె దగ్గర లైను. బొగ్గుల ఇస్త్రీ పెట్టె, ఇత్తడిది, దాని మూతికి కోడిపుంజు బొమ్మ. మా ఈడోళ్లు అప్పుడే బెల్‌బాటంలు మొదలుపెట్టిండ్రు. రోడ్డు ఊడ్చేటంత వెడల్పు. పెద్ద కాలరు అంగీ, తలకు కొబ్బరినూనె, వెనక జేబుల దువ్వెన, సగం బయటికి కనపడాలె. మొత్తం మనిషి దగ్గర రెండే జతలు, గని శుక్రవారం చూస్తె ఎవరు సేటు ఎవరు కూలి తెలిసేది కాదు. బట్ట నేసేటోడు చినిగిన బట్ట కట్టుకుంటె నామోషి అని బాపు అంటుండె.

మా అవ్వ గోచి పెట్టి చీర కట్టేది. మొదట ఇక్కడికి వచ్చినప్పుడు పక్క ఖోలీల ఆగ్రీ ఆయమ్మ చూసి తమ మనిషే అనుకొని మరాఠీల మాట కలిపింది. అవ్వకు ఒక్క ముక్క రాదు. ఇద్దరు నవ్వుకున్నరు. తర్వాత ఇరవై ఏండ్లు వాళ్లిద్దరు కూరగిన్నెలు మార్చుకున్నరు, భాష మాత్రం ఎవరిది వాళ్లదే. ఆ నేత చీరలల్ల ఒకటి మా ఇంట్ల ఉన్నది, ఎర్ర అంచు నారాయణపేట చీర. బిడ్డ పెండ్లికి మా ఇంటామె దాన్నే కట్టింది, కొత్త చీరలు పక్కన పెట్టి. వచ్చిన ఆడోళ్లందరు దాని కొంగు పట్టుకొని చూసినోళ్లే.

ఫొటో స్టూడియో సంగతి చెప్పకుంటె ఈ రాత పూర్తిగాదు. ఊర్ల అవ్వ బాపులకు పంపాలంటె ఫొటో కావాలె. స్టూడియోల వెనక పరదా మీద తాజ్‌మహలు, లేకుంటె సముద్రం, పక్కన ప్లాస్టిక్ పూలు. మేము నలుగురం పోయినమంటె గడియారం మాత్రం ఒక్కటే. ఒకడు ఫొటో దిగినంక విప్పి ఇంకొకనికి ఇచ్చేది. మణికట్టు కనపడేటట్టు చెయ్యి ముందుకు పెట్టాలె. ఊర్ల చూసినోళ్లు "మనోడు గడియారం కొన్నడు" అనుకోవాలె. నా మొదటి ఫొటోల గూడ అది నాది కాదు. ఇప్పుడు ఆ ఫొటోలను ఒక దగ్గర పెట్టి చూస్తె, మా నలుగురి చేతికి ఒకటే గడియారం, ఒకటే టైము చూపిస్తది.

నా సొంత గడియారం 1983ల కొన్న. హెచ్‌ఎంటీ జనతా. ఆ కంపెనీ సర్కారుది, 1961ల జపాను సిటిజన్ కంపెనీ సాయంతోని బెంగుళూరుల గడియారాలు చెయ్యడం మొదలుపెట్టింది. యంత్రాలు చేసే కంపెనీ గడియారాలు చేసింది కాబట్టే అంత గట్టిగుండె అని నా లెక్క. దానికి బ్యాటరీ లేదు, రోజు పొద్దుగాల చావి తిప్పాలె. పాళీ ఎక్కేముందు తిప్పేది నాకు అలవాటు. కార్ఖానల నూలు దుమ్ము లోపలికి పోయి ఆగిపోతె, గల్లీ మొదట్ల కూసొనే గడియారాలాయన కంటికి అద్దం బిగించుకొని విప్పి, తుడిచి, నూనె చుక్క వేసి ఇచ్చేటోడు. నలభై ఏండ్లల్ల మూడుసార్లు పట్టా మార్చిన, రెండుసార్లు గ్లాసు. ఇప్పటికీ నడుస్తది, రోజుకు ఒకటి రెండు నిమిషాలు వెనక్కి పోతది, నేను గూడ అంతే. ఆ గడియారాల కంపెనీని మూసేయాలని 2016ల సర్కారు నిర్ణయం చేసింది. అట్ల అన్నంకనే వాటికి గిరాకీ పెరిగింది. నా మనవని దోస్తు, మంచి ఫోను ఉన్నోడు, వచ్చి "తాతా, అమ్ముతవా?" అని అడిగిండు. ఫోన్‌ల టైము ఉండంగ ఇది నీకెందుకురా అంటె, "ఇది సోకు" అన్నడు. మా జమానాల గూడ అది సోకే, వాడు అబద్ధం చెప్పలేదు.

రేడియో గురించి కొంచెమే రాస్త. మర్ఫీ రేడియో కంపెనీ ఫ్యాక్టరీ మన పక్కనే థానేల ఉండేది. కొనాలంటె మాత్రం మా శక్తి కాదు, ఖోలీల పది మందిమి కలిసి ఒక పాత సెట్టు తెచ్చినం. దానికి లైసెన్సు, పోస్టాఫీసుల పైసలు కట్టాలె, చిన్న పుస్తకంల స్టాంపులు అంటిస్తరు. 1957ల మొదలైన వివిధ భారతి మాకు పగలు తోడు. రాత్రి బాగ పొద్దుపోయినంక ముల్లును సన్నసన్నగ తిప్పితె హైదరాబాదు స్టేషను గరగరల నడుమ నుంచి వచ్చేది. తెలుగు మాట వినపడంగనే అందరు మాటలు బంద్. వార్తలు ఏమున్నా సరే, ఆ మాట తీరు వినాలె అంతే.

పాతవన్నీ మంచియి అనేటోళ్లతోని నాకు పడదు. పంపు కొట్టే గ్యాసునూనె స్టవ్వు ఇప్పుడు ఇత్తడి మెరుపుతోని అందంగ కనపడుతది. అది పేలి కాలినోళ్లున్నరు. పిన్ను పొడిచి పొడిచి మా ఇంటామె వేళ్లు నల్లబడ్డయి. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని సామెత ఉన్నది గని, ఇప్పుడు అది తిరగబడి పాతది వింత అయింది. స్టవ్వును వింతగ చూసేటోళ్లు దాని మీద ఒక్కపూట వండి చూస్తె మంచిది. డబల్ రాడ్ సైకిలు మాత్రం నేను ఇయ్యాల దొరికినా కొంట. నాది అట్లాస్. 2020 జూన్ 3న ఆ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ పని ఆపింది. ఆ రోజు ప్రపంచ సైకిల్ దినమట.

బొంబాయిల చోర్ బజారుకు పోయినోళ్లు ఉంటరు. మటన్ స్ట్రీట్‌ల పాత సామాన్ల దుకాణాలు, శుక్రవారం పొద్దుగాల రోడ్డు మీద గూడ పరుస్తరు. మనకు సుట్టీ గూడ శుక్రవారమే, అందుకే మేము పోయేది. అప్పుడు మేము పోయింది చౌకగ సామాను దొరుకుతదని. ఇప్పుడు కార్లల్ల వచ్చేటోళ్లు అదే సామానును పాతదని ఎక్కువ పెట్టి కొంటున్నరు. గ్రామఫోను, ఇత్తడి తాళాలు, ఓడల దీపాలు, రేడియోలు, మిల్లుల నుంచి వచ్చిన కండెలు, నాడెలు, ఇనుప చక్రాలు. లోయర్ పరేల్‌ల ఫీనిక్స్ మిల్లు ఉన్న చోట ఇప్పుడు పెద్ద మాల్ ఉన్నది, పాత పొగగొట్టం అట్లనే నిలబెట్టిండ్రు. మిల్లుల జాగలల్ల లేచిన హోటళ్లు ఇనుప స్తంభాలను, ఇటుక గోడలను సున్నం గీకేసి చూపిస్తయి. పాతది కనపడాలెనట. కనపడనీయండి, మంచిదే. గని గోడ కనపడుతది, ఆ గోడ కింద పాళీ చేసినోని పేరు కనపడదు. నాకు దుఃఖం అక్కడనే.

ఇప్పుడు సందూక దగ్గరికి వస్త. ఇంతసేపు రాసింది దీని కోసమే అనుకున్నా సరే.

మా బాపు బొంబాయిల ఒక మిల్లుల నేత ఖాతాల పనిచేసిండు, మిల్లు పేరెందుకు. 1982 జనవరి 18న దత్తా సామంత్ పిలుపు మీద సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది పని ఆపిండ్రు. బర్న్‌లీల ఆ మిల్లు మూతబడ్డ సంవత్సరమే అది. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ చెప్పలేదు, మిల్లులే ఒక్కొక్కటి ముగిసినయి. బాపు ఏడాదిన్నర చూసి, నెత్తి మీద నల్ల రేకుల సందూక పెట్టుకొని భివండికి నా దగ్గరికి వచ్చిండు. ఆయనకు రావలసిన లెక్క ఆ మిల్లు పూర్తిగ ఇయ్యనే లేదు. నలభై ఐదేండ్ల మనిషి కొడుకు పక్క సాంచెల మీద మళ్ల కొత్తగ నిలబడ్డడు.

ఆ సందూక మీద తెల్ల రంగుతోని బాపు పేరు, ఊరి పేరు, జిల్లా రాసి ఉంటది. రైలుల పోకుండ అట్ల రాయించేది అప్పుడు. లోపల మూతకు దేవుని క్యాలెండరు బొమ్మ అతికిచ్చి ఉంటది. భివండి చాల్ నుంచి మాన్కోలికి మారేటప్పుడు మా కొడుకు దాన్ని భంగారువాలాకు ఇద్దామన్నడు. తుప్పు పట్టింది, కొత్తింట్ల జాగ లేదు అన్నడు. వాని మాట గూడ తప్పు కాదు. భంగారువాలా తూకం రాయి గూడ తీసిండు. మా ఇంటామె అడ్డం పడి "ముందు ఖాళీ చెయ్యి, తర్వాత చూద్దాం" అన్నది. పాత పంచెలు, బాపు కండ్లద్దాలు, ఒక ఇత్తడి చెంబు తీసినంక అడుగున పేపరు పరిచి ఉండె. ఆ పేపరు కింద బాపు మిల్లు లాల్‌పాస్, రెండు పగార్ చిట్టీలు, ఈఎస్ఐ కార్డు.

వాటి విలువ తెల్వనోళ్లకు చెప్తున్న. 1982 జనవరి 1 నాడు గాని ఆ తర్వాత గాని బొంబాయి మిల్లుల హాజరుల పేరున్న కార్మికులకు, వాళ్లు లేకుంటె వారసులకు, మిల్లుల జాగల మీద ఇండ్లియ్యాలని మహారాష్ట్ర సర్కారు విధానం పెట్టుకున్నది. మ్హాడా ద్వార లాటరీలు తీసిండ్రు. దరఖాస్తులు లక్షన్నరకు పైన. చాలామందికి ఇంక ఇల్లు రాలేదు, మాకు గూడ రాలేదు, మోర్చాలు నడుస్తనే ఉన్నయి. గని దరఖాస్తు నిలవాలంటె ఆ మనిషి మిల్లుల పనిచేసినట్టు కాగితం ఉండాలె. మిల్లు గుర్తింపు కార్డు, టికెట్ నంబరు ఉన్న కాగితం, లాల్‌పాస్, పగార్ చిట్టీ, హాజరు కార్డు, పీఎఫ్ నంబరు, ఈఎస్ఐ నంబరు, సర్వీసు సర్టిఫికెట్టు, ఇసొంటివి. మిల్లే లేదు, ఇప్పుడు పోయి ఎవరిని అడుగుతం? సందూకనే అడగాలె.

మా పాత గల్లీల ఒక ఇంటి సంగతి ఇట్లనే అయింది, పేరు చెప్పను. ఆ పెద్దాయన గూడ బొంబాయి మిల్లు మనిషే, ముప్పై ఏండ్ల నౌకరి. ఆయన పోయినంక సంవత్సరీకం చేసి, ఇల్లు సున్నం వేసేటప్పుడు సందూకను ఉన్నదున్నట్టే తూకానికి ఇచ్చిండ్రు. కాగితాలు అడిగిన నాడు ఇంట్ల ఆయన దండేసిన ఫొటో తప్ప ఏమీ లేదు. కొడుకు భంగారు దుకాణాలన్నీ తిరిగిండు. భంగారు, బంగారు, రాస్తె ఒక్క ఒత్తే తేడా.

భివండి సాంచెల మీద చేసిన మన సంగతి ఇంకా అన్యాయం. మిల్లోళ్లకు కార్డన్న ఉన్నది. మనకు తాకాల లెక్కన పగార్, చేసినన్ని మీటర్లకు పైసలు, హాజరు కార్డు లేని కార్ఖానలే ఎక్కువ. నేను నలభై ఏండ్లు పనిచేసిన అని సర్కారు కాగితం ఒక్కటి నా దగ్గర లేదు. ఉన్నది ఏందంటె ఒక చిన్న నోటుబుక్కు, వారం వారం ఎన్ని తాకాలు దింపిన్నో నా చేతిరాత, పక్కన మెహతాజీ సంతకం. బిస్సీల నెల లెక్క రాసిన కార్డు. ఆ నలుగురి ఫొటో, వెనక స్టూడియో ముద్ర, భివండి అని, తారీఖు. ఒక నాడె, బొటనవేలు గుంట ఉన్నది. మా ఇంటామె బీడీలు చేసిన చాట, ఆకు కత్తిరించే రేకు ముక్క, బీడీల పీఎఫ్ కాగితం. బయటోళ్లకు ఇవి సోకు సామాను అయితె కావచ్చు. నాకైతె ఇవే సర్టిఫికెట్లు, వేరేవి ఎవ్వరూ ఇయ్యలేదు.

అందుకని దసరాకో దీపావళికో ఇల్లు దులిపేటప్పుడు కొన్ని పనులు చెయ్యమని అడుగుతున్న. సందూక, సూట్‌కేసు, బియ్యం డబ్బా ఏదైనా సరే, అడుగున పేపరు లేపి చూడండి. మూత లోపల అతికించిన క్యాలెండరు వెనక గూడ చూడండి, మనోళ్లు అక్కడ గూడ దాస్తరు. దొరికిన కాగితాన్ని ముందు ఫోన్‌ల ఫొటో తియ్యండి, మడతల కాడ చినిగితె సెల్లోటేపు వెయ్యకండి, నాలుగేండ్లకు పచ్చగయి అక్షరం తింటది, ప్లాస్టిక్ కవర్ల పెట్టండి చాలు. ఫొటోల వెనక పెన్సిలుతోని పేర్లు రాయండి, ముసలోళ్లు బతికుండంగనే అడిగి రాయండి. పెన్ను వద్దు, సిరా ముందుకు ఊరుతది. నాడె ఉంటె ఆవనూనె చుక్క వేసి గుడ్డతోని తుడువండి, వార్నిషు కొట్టకండి. అమ్ముడు మీ ఇష్టం, పైసల అవసరం అందరికీ ఉంటది, గని అది ఎవ్వరిదో, ఏ కార్ఖానదో ఒక చిట్టీ మీద రాసి దాని కడుపుల పెట్టి అమ్మండి. కండె పెట్టే జాగ ఎట్లాగు ఖాళీనే గద.

మా సందూక ఇప్పుడు మంచం కింద ఉన్నది. కొడుకు తుప్పు గీకి లోపల మాత్రం రంగు వేసిండు, బయట బాపు పేరు ఉన్న దిక్కు ముట్టుకోవద్దని చెప్పిన. మనవరాలు తన బడి సర్టిఫికెట్లు గూడ దాంట్లనే పెడుతున్నది, లాల్‌పాస్ పక్కన. తాళం చెవి మా ఇంటామె పుస్తెలతాడుకు ఉంటది.